సీమ పెట్టె రాని క్రిస్మస్

1941 డిసెంబరు పదమూడు, శనివారం. ఆ మధ్యాహ్నం మా ఇంట్లో వంకాయ, ఎండురొయ్యల కూర. తారీకు ఎందుకు గుర్తంటే, జపాను యుద్ధంలోకి దిగి అప్పటికి వారం కూడా కాలేదు. కూర ఎందుకు గుర్తంటే, నేను కంచం ముందు కూర్చునేసరికి రొయ్యలన్నీ అయిపోయి గిన్నెలో వంకాయ ముక్కలే మిగిలాయి. ఆయన చెయ్యి కడుక్కుని తువ్వాలు కోసం చెయ్యి చాపుతూ, "ఈ ఏడు సీమ పెట్టె రాదుట. పిల్లల బహుమానాల సంగతి నువ్వు చూడు" అన్నారు. మంచినీళ్లు అందుకోమన్నట్టే అన్నారు.

మా ఆయన ఏసుపాదంగారు బందరులో మిషను మగపిల్లల బడికి హెడ్మాస్టరు, గుళ్లో ఆదివారపు బడికి పెద్ద. నేను ఆడపిల్లల బడిలో మూడో తరగతి పంతులమ్మని. ఏటా నవంబరులో ఇంగ్లండు నుంచి ఓడలో ఒక చెక్కపెట్టె వచ్చేది. అక్కడి దొరసానులు బొమ్మలు, పెన్సిళ్లు, రబ్బరు బంతులు సర్ది పంపేవారు. క్రిస్మస్ ముందురోజు సాయంత్రం గుళ్లో సరుగుడు కొమ్మ నిలబెట్టి, దాని కింద బల్ల వేసి, ఆదివారపు బడి పిల్లల్ని చిన్నవాళ్ల దగ్గర్నుంచి వరసగా పేరు పెట్టి పిలిచి తలో బహుమానం ఇచ్చేవారు. ఇప్పుడు ఓడలకి సైనికులే బరువు, బొమ్మలకి చోటు లేదు. నలభై మంది పిల్లలు, మూడేళ్ల వాళ్ల దగ్గర్నుంచి మీసం మొలిచిన వాళ్ల దాకా. సంఘం ఇచ్చేది ఎనిమిది రూపాయలు.

"ఏముంది, అందరికీ తలో పలకపుల్లల కట్ట ఇచ్చేస్తే సరి" అన్నారాయన. మూడేళ్లవాడు పలకపుల్ల నమిలి మింగుతాడని, పదమూడేళ్లవాడు దాన్ని చూసి మొహం తిప్పుకుంటాడని ఆయనకి తట్టలేదు. ఆయన రోజూ పిల్లల మధ్యే ఉంటారు మరి. మా అత్తగారు రావమ్మగారు మంచం మీద నుంచి ఇంకో దారి చెప్పారు. ఆడపిల్లలకి దువ్వెనలు, మగపిల్లలకి బంతులు. "ఆడపిల్లకి బంతి ఇస్తే ఎక్కడ ఆడుతుందీ?" అన్నారు. సలహాలు ఇద్దరూ ఇచ్చారు. సంచీ నాకిచ్చారు.

సోమవారం బడి విడిచిపెట్టాక బజారుకి వెళ్లాను. ఇంటికెళ్లి ఎసరు పెట్టేలోపు గంట వ్యవధి. ఆ గంటలో నలభై బాల్యాలు తూచి కొనాలి. గోళీలు చవకే గాని, పెద్దవాడి గోళీ చిన్నవాడి నోట్లోకి పోతుంది. ఈలలు ఇంకా చవక, కాని ఆరాధన మధ్యలో ఎవడో ఒకడు ఊదుతాడు, పంతులమ్మకి ఆ మాత్రం తెలియదా అని నన్నే అంటారు. ఒకే వయసు పిల్లలకి ఒకేలాంటివి కొనకపోతే గుడి మెట్ల మీదే కొట్లాట, అందరికీ ఒకటే కొంటే ఎవరికీ సంతోషం లేదు. పెద్దకొట్లో అబ్బాయి నేను ఎనిమిది రూపాయలకి నలభై అనగానే మొహం పక్కకి తిప్పుకున్నాడు. భూషణంగారి కొట్లో మాత్రం ఆయనే లేచి స్టూలు వేసి, గ్లాసుతో మంచినీళ్లు ఇచ్చారు. పొద్దున్నుంచి ఎవరైనా నన్ను కూర్చోమనడం అదే మొదలని ఆ నీళ్లు తాగుతుంటే తెలిసింది.

జపాను బొమ్మలన్నీ అయిపోయాయని, ఇక రావని చెప్పారాయన. మాటాడుతూనే ఒక్కొక్కటీ తీసి పెట్టారు. పసివాళ్లకి లక్క గిలక్కాయలు, బడిలో చేరినవాళ్లకి బొంగరాలు, రంగు కాగితాలు, పెద్దబ్బాయిలకి కలాలు. పెద్ద ఆడపిల్లలకని చిలకలపూడి గిల్టు ఉంగరాలు చూపించి, "పెళ్లీడు దగ్గర పడుతోంది కదమ్మా, సరదా పడతారు" అన్నారు. మంచిమనిషే. అయినా నాకు ఒళ్లు మండింది. పదకొండేళ్ల పిల్లకి ఏం కొనాలన్నా అది ఆమెని ఎవరింటికో సిద్ధం చేసేదే కావాలి. దువ్వెన, సూదిపెట్టె, ఉంగరం. ఆ ఉంగరాలు పక్కన పెట్టాను, రంగుల దారపు ఉండలు, తాడాట తాళ్లు తీసుకున్నాను. బొమ్మలు నేనే పాత చీరలతో కుట్టుకుందామనుకున్నాను. అలా అనుకోవడమే నా జబ్బు. డబ్బు ఎక్కడ తక్కువైతే అక్కడ నా నిద్ర అతుకు వేస్తాను.

అట్టపెట్టె అడుగున ఎర్ర రబ్బరు బంతి కనిపించింది. జపానుది, ఒక్కటే. "ఒక్కటి మీకేం పనికొస్తుంది? నలభై మందిలో ఎవరికిస్తారు?" అని నవ్వి, పాత ధరకే ఇచ్చారు. ఎవరికో నాకూ తెలియదు. సంచీలో వేసుకున్నాను.

ఇంటి దగ్గర అత్తగారు సంచీ తీసి ఒక్కొక్కటీ వేలెత్తి చూపారు. గిలక్కాయ రంగు పోతుంది, తాడు పురి చాలదు. బంతి దండగమారి ఖర్చు అన్నారు. నేను వంటింట్లో బియ్యం కడుగుతుంటే వెనకగదిలోంచి టప్, టప్ అని చప్పుడు వినిపించింది. తొంగిచూస్తే ఆవిడ మంచం మీద కూర్చుని, మోకాళ్ల నొప్పితో వంగలేక వంగుతూ, బంతి నేలకి కొట్టి పట్టుకుంటున్నారు. నన్ను చూసి ఆపేశారు.

బొమ్మలు కుట్టడానికి సాయంత్రాలు భానుమతి వచ్చేది. మూడిళ్ల అవతలి పిల్ల, నా దగ్గరే చదివి ఇప్పుడు అయిదో తరగతికొచ్చింది. నవంబరులో తొమ్మిది రోజులు బడికి రాలేదు. పదో రోజు వాళ్లమ్మ చిమ్మిలి ఉండలు తెచ్చి, పిల్ల పెద్దమనిషి అయిందని నా చెవిలో చెప్పి వెళ్లింది. ఓ సాయంత్రం నాలుగో బొమ్మకి కళ్లు కుడుతూ, తల ఎత్తకుండా, "టీచరమ్మగారూ, ఈసారి నా పేరు పిలుస్తారాండీ?" అని అడిగింది. దారం తెంపమన్నాను.

మా గుళ్లో రాయని చట్టం ఒకటి ఉంది. ఈడేరిన పిల్ల బహుమానం అందుకోదు, బల్ల వెనక నిలబడి చిన్నవాళ్లకి అందిస్తుంది. ఏ పిల్ల ఎప్పుడు ఈడేరిందో ఏటా ఇంటింటా కనుక్కుని ఆయనకి చెప్పడం నా పని. మగవాళ్లు అలాంటివి అడగకూడదు కదా. ఆయన ఎర్ర పెన్సిలుతో పేరు కొట్టేస్తారు. నేను శుభ్రంగా మళ్లీ రాసిస్తాను. నా చేతిరాత బాగుంటుందని ఆయన పదిమందిలో అంటారు. నన్ను మెచ్చుకున్నది అదొక్కటే.

ఆ ఏడు నేను భానుమతి సంగతి చెప్పలేదు. అయినా ఆయన పెన్సిలు అక్కడ ఆగింది.

"చిమ్మిలి తిన్నాం కదా" అన్నారు.

"రిజిస్టరులో దానికి పదకొండేళ్లండి."

"రిజిస్టరు సంగతి వేరు. నీకు తెలియదూ?"

కింద పున్నారావు పేరు ఉంది. గొంతు మారింది, మీసం నల్లబడింది, పదమూడు దాటితే బహుమానం లేదు గనక మూడేళ్లుగా రిజిస్టరులో పదమూడు దాటడం లేదు. మరి అతనో అన్నాను. రిజిస్టరులో ఉన్నది మనం కాదనలేం కదా అన్నారు. ఇందులో వింత ఉందని ఆయనకి అనిపించలేదు. భానుమతి పేరు కొట్టేసి, పెన్సిలు చెవి మీద పెట్టుకుని పేపరు తీసుకున్నారు.

ఆ రాత్రి బొమ్మలకి జుట్టు కుడుతూ మా పుట్టిల్లు గుడివాడలో గుడి గుర్తు చేసుకున్నాను. నాకప్పుడు పన్నెండేళ్లు. ఎవరూ ఏమీ చెప్పలేదు. జడలో కాగితప్పువ్వు పెట్టుకుని ముందు వరసలో కూర్చున్నాను. వరసలో నాకంటే ముందున్న పేరు పిలిచారు, నేను లేచి నిలబడ్డాను. తరవాత పిలిచింది మా వీధి అబ్బాయిని. మా పెద్దమ్మ పరికిణీ పట్టుకు లాగి, "వెనక్కి వెళ్లి బుట్ట పట్టుకో" అంది. ఆ ఏడు సీమ పెట్టెలో కళ్లు మూసి తెరిచే బొమ్మ ఒకటి వచ్చింది. నా చేత్తోనే మా చెల్లికి అందించాను. అందరూ నవ్వుతుంటే నేనూ నవ్వాను. అప్పటినుంచి ఎవరు ఏది తినాలన్నా కట్టాలన్నా నేను బల్ల వెనకే ఉన్నాను. పన్నెండేళ్ల ఆ పిల్ల తప్పేమిటని ఎవరినీ అడగలేదు, పైగా ఇన్నేళ్లుగా మిగతా పిల్లల పేర్లు తెచ్చి ఇచ్చింది నేనే. నన్ను చూస్తే నాకే చిరాకేసింది.

లిస్టు శుభ్రంగా రాశాను. ముప్ఫై ఎనిమిది పేర్లయ్యాక ముప్ఫై తొమ్మిదోది భానుమతి అని రాశాను. నలభైయోది పున్నారావు. ఆయన నా రాత చూసుకోరు. వడ్డించిన కంచంలోకి ఎవరూ చూసుకోరు కదా, అలాగ.

ఇరవై నాలుగో తారీకు సాయంత్రం గుడి నిండింది. "సీమ పెట్టె రాకపోయినా మేము ఏ లోటూ రానివ్వలేదు" అని చెప్పి ఆయన లిస్టు విప్పారు. భానుమతి నా పక్కనే, బల్ల వెనక, బుట్ట పట్టుకుని ఉంది. ఓణీ కొత్తది, నిలవడం లేదు. గిలక్కాయలు వెళ్లాయి, బొమ్మలు వెళ్లాయి, బొంగరాలు వెళ్లాయి. ఆయన బడి గొంతుతో చదువుకుంటూ పోతున్నారు.

"భానుమతి" అన్నారు.

అన్నాక తెలిసిందాయనకి. కాగితం మీది నుంచి కళ్లెత్తి నన్ను చూశారు. ఆడవాళ్ల చాపల మీద గుసగుస మొదలైంది. పిల్ల నా వంక చూసింది. నేను బుట్ట తన చేతుల్లోంచి తీసుకుని, "వెళ్లు" అన్నాను. అది బల్ల చుట్టూ తిరిగి ముందుకి వచ్చింది. అయిదారు అడుగులే. ఎర్ర బంతి నేనే అందించాను. రెండు చేతులతో తీసుకుని, ఓణీలో దాచుకోకుండా, అందరికీ కనిపించేలాగే పట్టుకుని వెళ్లి చిన్నపిల్లల పక్కన కూర్చుంది. తరవాత పున్నారావు వచ్చి, మీసం తుడుచుకుని కలం తీసుకున్నాడు.

రాత్రి భోజనాలకి చేపల పులుసు. ఇద్దరికీ వడ్డించి, నా కంచం కూడా పక్కనే పెట్టుకుని కూర్చున్నాను. పెద్ద ముక్క ఒకటి వేసుకున్నాను.

"పాస్టరుగారు అడిగారు. రాతలో పొరపాటని చెప్పాను" అన్నారాయన. నాకొక దారి చూపిస్తున్నాననుకున్నారు.

"పొరపాటు కాదండి. తెలిసే రాశాను." ముల్లు తీసి కంచం అంచున పెట్టాను. "వచ్చే ఏడు లిస్టు మీరే రాయండి. ఏ పిల్ల పెద్దదయిందో మీరే ఇంటింటికీ వెళ్లి అడిగి రండి."

ఆయన వాళ్లమ్మ వంక చూశారు. ఆవిడ పులుసు కలుపుకుంటున్నారు.

మా ఇంట్లో అందరూ పడుకున్నాక వీధి తలుపు వేసేది నేను. కాపరానికి వచ్చిన రోజునుంచీ అంతే, ఆ గడియ నా చెయ్యి తప్ప ఎరగదు. ఆ రాత్రి గిన్నెలు సర్ది కొంగుతో చెయ్యి తుడుచుకుంటూ వచ్చేసరికి మా అత్తగారు మంచం దిగి, గోడ పట్టుకుని నడుస్తున్నారు. "ఎక్కడికత్తయ్యా?" అన్నాను. నువ్వు పడుకోమన్నట్టు చెయ్యి ఊపి, వీధిలోకి ఒకసారి తొంగిచూసి, చప్పుడు కాకుండా తలుపు వేసి గడియ పెట్టారు.