కొత్తగా వేసిన పాత రంగు

దిమ్యాత్ ఊళ్ళో ఏ సందులోకి తిరిగినా మంచాలూ, కుర్చీలూ, బీరువాలే. అవి నడివీధిలో దర్జాగా నిలబడి ఆరుతుంటే మనుషులు వాటి మధ్యలోంచి పక్కకి తిరిగి నడుస్తారు. చెక్కపని తెలియని మగవాడికి ఆ ఊళ్ళో పిల్లనిచ్చే ముందు కాస్త ఆలోచిస్తారు. అలాంటి ఊళ్ళో కూడా ఉస్తా, అంటే ఆరితేరిన పనివాడు, మిత్వల్లీ పాలిష్ అంటే ఒక లెక్క. ఆయన మెరుగుపెట్టిన బల్ల ముందు నిలబడి గడ్డం గీసుకోవచ్చనేవారు. అన్నవాళ్ళు మాటవరసకి అన్నారు గానీ, మిత్వల్లీ శుక్రవారం శుక్రవారం నిజంగానే అలా గీసుకునేవాడు. కొట్లో అద్దం పెడితే తన చేతికి అవమానమని ఆయన పట్టుదల. అందుకే ఆయన చెంప మీద ఎప్పుడూ ఒకటో రెండో గాట్లుండేవి.

అంత పనివాడూ కన్నకూతురి దగ్గర బోల్తాపడ్డాడు.

ఇబ్తిహాల్ ఆయనకి ఒక్కగానొక్క కూతురు. పెళ్ళి దగ్గరపడింది. మంచాలూ సోఫాలూ మగపెళ్ళివారు చేయించుకుంటున్నారు. "నాకు ఇంకేం వద్దు నాన్నా, నాన్నమ్మ బీరువా ఒక్కటి ఇయ్యి చాలు" అందా పిల్ల.

ఆ బీరువా సంగతి కొంచెం చెప్పాలి. మిత్వల్లీ తండ్రి ఒకే చెక్కలోంచి రెండు బీరువాలు చేశాడు. ఒకటి పెళ్ళానికి, ఒకటి అప్పుడే పుట్టిన కూతురు నజ్లాకి. పక్కపక్కన పెడితే ఏది ఏదో చేసినవాడికే తెలియదు. నజ్లా బీరువాకి తమ్ముడు మిత్వల్లీ ఏటేటా పాలిష్ పెడుతూ వచ్చాడు. తల్లి మాత్రం తన దాని మీద కొడుకు చెయ్యి పడనివ్వలేదు. "నీ మెరుపులు బజారుకి పెట్టుకో, నా గదిలోకి తేకు" అనేది. మనసైనప్పుడల్లా తనే ఒక డబ్బా తెచ్చుకుని, తలుపుల బందులు విప్పి మరీ, ఉన్న రంగు మీదే ఇంకో రంగు పూసుకునేది. ఆవిడ పోయేనాటికి పైనున్న తెలుపు పెచ్చులూడి, కిందున్న ఆకుపచ్చా నీలమూ అక్కడక్కడ తొంగిచూస్తున్నాయి. పాలిష్‌వాడి ఇంట్లో అలాంటి వస్తువు ఉండటం మిత్వల్లీకి పంటికింద రాయిలా ఉండేది.

'పిచ్చిపిల్ల, మొహమాటపడి పాత చెత్త అడిగింది' అనుకున్నాడాయన. అనుకుని ఊరుకున్నా బాగుండేది. బీరువాని కొట్టుకి మోయించి, మందు పూసి, రేకుతో గీకి, మీదున్న రంగులన్నీ ఒలిచేసి, పచ్చి చెక్క తేలేదాకా నిద్రపోలేదు. ఆ తర్వాత లక్క పాలిష్ పూత మీద పూత పెట్టి, తన జన్మలో ఏ పాషా మనవరాలికీ పెట్టనంత మెరుగు పెట్టి, కూతుర్ని పిలిచాడు.

ఇబ్తిహాల్ బీరువా ముందు నిలబడింది. తలుపులో ఆ పిల్ల మొహం తేటగా కనిపించింది. చూస్తుండగానే ఆ మొహం ముడుచుకుపోయి ఏడుపు మొదలుపెట్టింది.

"ఏడువమ్మా ఏడువు! నా పని చూసి ఇంతకు ముందు కూడా ఏడ్చారులే" అన్నాడు మిత్వల్లీ పొంగిపోతూ.

"నాన్నమ్మ ఏది నాన్నా?"

"నాన్నమ్మేమిటే?"

"ఇందులోనే ఉండేది కదా! గీకి పారేశావా?"

మిత్వల్లీ చేతిలో పాలిష్ గుడ్డ కింద పెట్టాడు. "నేను అత్తారింటికి తీసుకెళ్దామనుకున్నది అదీ! దీన్ని నువ్వే ఉంచుకో, గడ్డం గీసుకోడానికి పనికొస్తుంది" అని, ఆ పిల్ల ఆ సాయంత్రమే రాస్ అల్ బర్‌లో మేనమామ ఇంటికి వెళ్ళిపోయింది. సామాను ఊరేగించే రోజున ఆనవాయితీ కోసం వస్తానంది గానీ, నాన్నతో మాట్లాడతానని మాత్రం అనలేదు.

భార్య ఇన్సాఫ్ అసలే మాట దాచుకునే మనిషి కాదు. "అడిగింది ఇవ్వడం చేతకాదు గానీ, అడగనిది ఇవ్వడంలో మొనగాడివయ్యా" అంది. ఆ రోజు నుంచి పొద్దుటి చిక్కుడుగింజల్లో నూనెచుక్క మాయమైంది. మిత్వల్లీ నూనె లేకపోయినా తిన్నాడు గానీ, కూతురు పలకరించకుండా గడప దాటిపోతుందన్న ఊహ మాత్రం ఆయన గొంతు దిగలేదు. అడుసు తొక్కనేల, కాలు కడగనేల! ఒలిచిన రంగుల్ని మళ్ళీ వెయ్యాలి. వేసిన రంగుల్ని మళ్ళీ ఒలవాలి. బతుకంతా కొత్త చెయ్యడమే తెలిసినవాడు ఇప్పుడు పాత చెయ్యడం నేర్చుకోవాలి.

కొట్టు తలుపు సగం దించేశాడు. ఎందుకంటే ఎదురుగా షిర్బీనీ ఉన్నాడు. షిర్బీనీ కూడా పాలిష్ ఉస్తానే, మంచి పనివాడే. కానీ ఊళ్ళో ఎవరైనా 'దిమ్యాత్‌లో ఇద్దరే ఉస్తాలు' అంటే రెండో పేరు తనదవుతోందని అతని కడుపుమంట. మిత్వల్లీ పనిలో ఒక్క మచ్చ కనబడకపోతుందా అని ఏళ్ళ తరబడి కాచుకుని కూర్చున్నాడు. ఇప్పుడు మిత్వల్లీ మచ్చలు పెట్టడమే పనిగా పెట్టుకున్నాడని తెలిస్తే ఇంకేమైనా ఉందా!

మొదటిసారి ఇలా చేశాడు. అద్దంలాంటి పాలిష్‌ని కళ్ళు మూసుకుని గరుకు కాగితంతో చంపేశాడు. నీలం పూశాడు. రంగు ఊడాల్సిన చోటల్లా కొవ్వొత్తి మైనం రుద్ది, దాని మీద ఆకుపచ్చ పూశాడు. మళ్ళీ మైనం రుద్ది తెలుపు పూశాడు. మైనం ఉన్నచోట పైరంగు పట్టు దొరక్క గీకగానే పెచ్చులుగా లేచొచ్చింది. చూసి మిత్వల్లీకే ముచ్చటేసింది. ఇన్సాఫ్‌ని పిలిచి చూపించాడు.

ఆవిడ నడుం మీద చెయ్యేసుకుని చాలాసేపు చూసింది. "ఈ మూల ఎంత ఊడిందో ఆ మూలా అంతే ఊడింది. ఈ తలుపు మీద మూడు పెచ్చులు, ఆ తలుపు మీద మూడు పెచ్చులు. ఇది పాతబడ్డ బీరువాలా లేదయ్యా, పాతబడమని మేష్టారు చెబితే అప్పజెప్పినట్టుంది" అంది.

"అయితే ఏం చెయ్యమంటావు?"

"నన్నడుగుతావేం? మీ అక్క ఉంది కదా, మీ అమ్మ గదిలో పెరిగింది. పిలు."

నజ్లా వచ్చింది. వస్తూనే తప్పుపట్టింది. "నీలం కింద వేశావేంట్రా? ఆకుపచ్చ కదూ ముందు?"

"నీలమే ముందక్కా. నేను పుట్టినప్పుడు దిష్టి తగలకూడదని వేసింది అమ్మ."

"నువ్వు పుట్టినప్పుడా! నీ మొహానికి దిష్టొకటా? నీలం వేసింది నేను పుట్టినప్పుడు. నువ్వు పుట్టేసరికి ఇంట్లో దీపంలోకి నూనె లేదు, రంగెక్కడిది?"

"నాకు బాగా గుర్తు."

"పుట్టినరోజు గుర్తుందిట వీడికి, వినమ్మా ఇన్సాఫ్!"

ఇద్దరూ అరుచుకుంటుంటే ఇన్సాఫ్ బీరువా తలుపు ఊపుతూ నిలబడింది. "ఈ బందు తీసి గీకావా, తియ్యకుండానే గీకావా?" అంది.

మిత్వల్లీ సిగ్గుపడ్డాడు. తొందరలో ఇత్తడి బందులు విప్పలేదు. విప్పకుండా పని మొదలుపెడితే తన దగ్గర పనిచేసేవాడి వీపు విమానం మోత మోగించేవాడు. ఇప్పుడు ఆ తప్పే దేవుడిచ్చిన వరమైంది. బందు విప్పి చూస్తే, రేకు తగలని ఆ కాస్త మేరా అమ్మ రంగులు ఉల్లిపొరల్లా పదిలంగా ఉన్నాయి. గోటితో గిల్లి చూశాడు. అన్నిటికన్నా కింద నీలం. అన్నిటికన్నా పైన తెలుపు. తెలుపు కింద ఆకుపచ్చ. ఆకుపచ్చకీ నీలానికీ మధ్య మాత్రం ఒక పల్చని గులాబి పొర.

"గులాబియా?" అన్నాడు. "మనింట్లో గులాబి ఎప్పుడుందక్కా?"

నజ్లా నోటికి తలగుడ్డ అంచు అడ్డం పెట్టుకుంది. నవ్వో ఏడుపో ముందు తెలియలేదు. "నాన్న హజ్‌కి వెళ్ళినప్పుడురా! గులాబి రంగంటే అమ్మకి ప్రాణం. ఆయన వెళ్ళగానే వేసుకుంది. బీరువా ఎదురుగా దాన్నే చూస్తూ కూర్చునేది. హాజీ గారింట్లో ఈ ఆటకత్తె రంగేమిటని ఆయన అంటాడని, ఓడ రేవుకొచ్చిందని తెలియగానే ఆకుపచ్చ కొట్టేసింది. మర్చేపోయాను చూడు."

మిత్వల్లీ ఆ పొర మీంచి వేలు తియ్యలేదు. అమ్మకి ఒక రంగు ఇష్టమన్న సంగతి ఇన్నేళ్ళూ రంగుల్లోనే బతికిన తనకి తెలియదు. బాధనిపించింది.

"సరేగానీ, ఎక్కడెక్కడ ఊడిందో అది చెప్పక్కా."

"పిడి దగ్గర మాత్రం కాదు. అమ్మ పిడి పట్టుకున్నదెప్పుడు? చంకలో నువ్వు, చేతిలో రొట్టెల పళ్ళెం. ఇదిగో, ఇలా మోకాలితో పొడిస్తే తలుపు అదే ఎగిరి తెరుచుకునేది." నజ్లా గౌను పైకెగదోసుకుని మోకాలితో తలుపుని ఒక్క పోటు పొడిచింది. ఆవిడదీ తల్లి ఎత్తే. మోకాలు ఎక్కడ తగిలిందో అక్కడ మిత్వల్లీ సుద్దతో గుర్తు పెట్టుకున్నాడు. "మూసేది మాత్రం తుంటితో" అంటూ ఆవిడ మళ్ళీ పొడిచింది. బీరువా గోడకి గుద్దుకుంది. ఇన్సాఫ్ నవ్వలేక చెక్కపొట్టు మీద కూలబడింది.

మొదట వేసిన రంగులన్నీ ఒలిచేసి రెండోసారి పని మొదలుపెట్టినప్పుడు మిత్వల్లీ తన చేతి మాట వినలేదు. చెయ్యి సమంగా గీకుదామంటుంది, ఆయన వద్దంటాడు. నీలం మీద గులాబి, గులాబి మీద ఆకుపచ్చ, ఆకుపచ్చ మీద తెలుపు. పైభాగంలో జిగురు పూసి, తడి ఆరకముందే రంగు కొట్టి, బీటలు వారనిచ్చాడు. మోకాలి దగ్గర గోనెపట్టాతో రుద్ది రుద్ది, మధ్యలో చెక్క తేలి, చుట్టూ ఒక్కో రంగూ అంచులా మిగిలేదాకా రుద్దాడు. రుద్దుతూ రుద్దుతూ, అక్కడ తల్లి మోకాలు ఉన్నట్టే అనిపించి ఏడ్చాడు. కొట్లో ఎవరూ లేరు గనక మనసారా ఏడ్చాడు. చివర్న మసి కలిపిన మైనం సందుల్లో పట్టించి, కొత్త రంగు వాసన పోవడానికి అరల నిండా అమ్మ వాడిన ఆలివ్ నూనె సబ్బులు పేర్చాడు. వెనక్కి జరిగి చూసుకున్నాడు. ఇంత పని తన చేత్తో ఇదివరకెన్నడూ చెయ్యలేదని ఆయనకి తెలిసిపోయింది.

సామాను రోజు వచ్చింది. వీధి మొగలో లారీ ఆగింది. డప్పులు మోగాయి. ఆడవాళ్ళు నాలుకలాడిస్తూ కేకలు పెడుతున్నారు, దిష్టికి ఉప్పు విసురుతున్నారు. పెళ్ళికొడుకు తరఫు వాళ్ళు పాకం కారే మిషబ్బక్ జిలేబీలు తింటూ, వేళ్ళు నాక్కుంటూ సామాను చూస్తున్నారు. నలుగురు మనుషులు బీరువాని కొట్లోంచి బయటికి తెచ్చి ఎండలో దించారు.

ఇబ్తిహాల్, మేనమామ బండిలోంచి దిగి, తండ్రి వైపు చూడకుండానే రెండడుగులు వేసి ఆగిపోయింది. తలుపు తాకింది. పెచ్చుల మీద చెయ్యి రాసింది. తెరిచింది. సబ్బు వాసన గుప్పుమంది. ఆ పిల్ల గిరుక్కున తిరిగింది.

"అమ్మో నాన్నా! నన్నేడిపించావు కదూ! ఆ రోజు చూపించింది నజ్లా అత్త బీరువా! దీన్ని దాచేశావు!"

మిత్వల్లీ నోరు తెరిచాడు. తెరిచిన నోట్లో మాటలన్నీ వరసగా నిలబడి ఉన్నాయి. నాలుగు రంగులమ్మా, జిగురమ్మా, మైనమమ్మా, నేనమ్మా! కానీ ఈలోగా నజ్లా అందుకుంది. "మరే! మీ నాన్న వేళాకోళం నీకు తెలీదుటే?"

కూతురు వచ్చి మెడ చుట్టూ చేతులు వేసింది. "అసలు ముట్టుకోలేదు నువ్వు, అలాగే ఉంచావు" అని చెవిలో అంది. మిత్వల్లీ నోరు మూసుకున్నాడు.

సరిగ్గా అప్పుడే ఎదురు కొట్లోంచి షిర్బీనీ వచ్చాడు. చేతిలో పాలిష్ డబ్బా, గుడ్డ. డప్పుల్ని ఆగమని చెయ్యెత్తాడు.

"ఏంటి ఉస్తా ఇది! ఊరందరి బీరువాలకీ పాలిష్ పెట్టావు, కన్నకూతురి బీరువాకి ఒక్క పూత వెయ్యడానికి చెయ్యి రాలేదా? పెచ్చులూడిపోతోంది! పోనీ నేనేసి పెట్టనా, పుణ్యానికి?"

వీధంతా నవ్వింది. మగపెళ్ళివారు బీరువాకేసీ, మిత్వల్లీకేసీ చూశారు. మిత్వల్లీ మొహంలోకి నెత్తురు పొడుచుకొచ్చింది. 'కళ్ళున్నాయిరా నీకు? ఆ పెచ్చు ప్రతొక్కటీ నేను లేపింది' అని ఒక్క మాటంటే చాలు, షిర్బీనీ డబ్బాతో సహా మట్టికరుస్తాడు. కానీ ఆ మాట వినాల్సినవాళ్ళతో పాటు వినకూడని పిల్ల కూడా అక్కడే నిలబడి ఉంది. ఒక చెయ్యి ఇంకా తలుపు మీదే ఉంది.

"బద్ధకం షిర్బీనీ" అన్నాడు మిత్వల్లీ. "వయసైపోయింది. చెయ్యబుద్ధి కాలేదు."

నవ్వు ఆగిపోయింది. ఇన్సాఫ్ తల తిప్పుకుంది. ఇన్నేళ్ళుగా ఆ మాట కోసమే కాచుకున్న షిర్బీనీకి, అది చేతికందాక ఏం చేసుకోవాలో తోచలేదు. ఊరికే నిలబడలేక బీరువా దగ్గరికొచ్చి, మోకాలి దగ్గర ఊడిన రంగుల అంచు మీద వేలు రాశాడు. ఇంకోసారి రాశాడు. వేలు ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశాడు. తలెత్తి మిత్వల్లీని చూశాడు. ఆ వీధిలో ఆ పని చదవగల కళ్ళు ఇంకొక్క జతే ఉన్నాయి, అవి షిర్బీనీవి.

"అవును, వట్టి బద్ధకం" అన్నాడు షిర్బీనీ అందరికీ వినబడేలా. డబ్బా కింద పెట్టి, వేలికంటిన మైనం తన పొడుగు చొక్కాకి తుడుచుకుని, బీరువా ఒక మూలకి భుజం ఆనించాడు. "చూస్తారేంట్రా, ఎత్తండి. మెల్లిగా. అంచులు తగలనివ్వకండి."