పాల కారుకు పొగ పరీక్ష

భార్య తనుజ పోయాక కూడా దినకరన్ చేయాల్సిన పనులన్నీ చేస్తూనే ఉన్నాడు. ఆవులకు మేత వేశాడు, పాలు పిండాడు, కూతురు మోహనప్రియను బడికి పంపాడు. ఏడుపు మాత్రం రాలేదు. వాళ్ల ఊరు కంబైనల్లూరులో అందరూ అతన్ని గుండె గట్టివాడన్నారు. అది గట్టితనం కాదు, మొద్దుబారడం. ఆ సంగతి అతనొక్కడికే తెలుసు.

ఆ పాత ప్రీమియర్ పద్మిని కారు తనుజది. ఏ. పళ్లిపట్టి అనే ఊళ్లో ఒక మాస్టారు దాన్ని పాత ఇనుముకు వేయబోతుంటే అడ్డుపడి కొనుక్కుంది. తోలడం తనే నేర్చుకుని, వెనక సీటు పీకించి, పాల క్యాన్లు పెట్టుకుని సొసైటీకి పోయేది. ఊరు మొదట నవ్వింది, తర్వాత పాల కారని పేరు పెట్టింది. డెంగీతో ఆమె సేలం ఆస్పత్రిలో కన్ను మూశాక కారు కొట్టం పక్కనే నిలిచిపోయింది. జ్వరం రాక ముందు నుంచీ ఆమె పొగ టెస్టు గడువు దాటిందని అంటూనే ఉండేది. ఒక ఆదివారం పాలు పోసి వచ్చాక దినకరన్ తాళంచెవి తీసుకున్నాడు. మిగిలిపోయిన పని, అంతే.

ధర్మపురిలో పెట్రోలు బంకు పక్కన పొగ పరీక్ష చేసే ధనలక్ష్మి సైలెన్సరులోకి కడ్డీ దూర్చి, కంప్యూటర్ చూసి తల అడ్డంగా ఊపింది.

"ఫెయిలన్నా. పెట్రోలు సరిగా మండటం లేదు. మెకానిక్‌కు చూపించి రండి," అంది తమిళంలో.

రోడ్డు అవతలే మెకానిక్ తంగరాజ్ షెడ్డు. దినకరన్ వాళ్లలాగే వాళ్లదీ తెలుగిల్లే. బానెట్ ఎత్తి ఎయిర్ ఫిల్టరు బయటికి తీశాడు. దాని నిండా గడ్డిపరకలు.

"ఏందన్నా, కారుకు మేత వేసినారా? వదినె రాలేదా? నేను స్క్రూ తిప్పుతా ఉంటే పక్కనే నిలిచుకొని చూస్తాది కదా."

"చనిపోయింది," అన్నాడు దినకరన్, దారి అడిగినవాడికి దారి చెప్పినట్టు.

తంగరాజ్ ఫిల్టరు కింద పెట్టి, మణికట్టుతో కళ్లు తుడుచుకున్నాడు. తనకు రాని కన్నీళ్లు ఇతనికెట్లా వచ్చాయా అని దినకరన్ అతని వైపే చూస్తూ నిలబడ్డాడు.

ఫిల్టరు మారింది. తంగరాజ్ కార్బురేటర్ కడిగి, ఇంజను వేడెక్కాక స్క్రూ కొంచెం కొంచెంగా తిప్పుతూ చెవి ఒగ్గి విన్నాడు. ఇంజను రొద నెమ్మదించింది.

మళ్లీ పరీక్షకు తీసుకుపోతే ఈసారి పాసైంది.

"ఓటీపీ చెప్పండన్నా," అంది ధనలక్ష్మి.

దినకరన్ ఫోనుకు ఏమీ రాలేదు. ఆమె మళ్లీ చూసి, కారు ఓనరు నంబరుకు పోయిందని చెప్పింది. అది తనుజ నంబరు. ఆ ఫోను ఆస్పత్రి సంచిలోనే ఎక్కడో చచ్చి పడి ఉంటుందనుకున్నాడు. ఇంకేం చేయాలో తోచక ఆ నంబరుకే ఫోను కొట్టాడు.

రింగైంది. ఎవరో ఎత్తారు.

"నాయినా?"

అది మోహనప్రియ గొంతు. "పాపా, అమ్మ ఫోను నీ దగ్గర ఉండాదా?"

"ఊఁ. దినామూ చార్జి పెడతా ఉండాను. ఎవురన్నా అమ్మకు ఫోను చేస్తే ఎత్తల్ల కదా."

"ఎవురన్నా చేసినారా?"

"లేదు. నువ్వే, ఇప్పుడు."

మోహనప్రియ మెసేజీలోని అంకెలు చదివింది, అతను వాటిని ధనలక్ష్మికి తమిళంలో చెప్పాడు. సర్టిఫికెట్ బయటికి వచ్చింది. నంబరు మార్పించుకోండి, మళ్లీసారి ఇబ్బంది ఉండదని ఆమె సలహా ఇచ్చింది.

"ఉండనీమ్మా," అన్నాడు.

ఇంటికొచ్చేసరికి మోహనప్రియ గడప మీద కూర్చుని ఉంది. ఒళ్లో ఫోను. దినకరన్ పక్కనే కూలబడ్డాడు.

"నాయినా, అమ్మ ఆస్పత్రిలో కడాకు ఏమి చెప్పింది?"

ఇన్నాళ్లూ ఆ పిల్ల అడగలేదు. అతనూ చెప్పలేదు.

"ఎర్రావు ఈనిందా అని అడిగింది. నువ్వు తిన్నావా అని అడిగింది. పెద్ద మాటలేమీ చెప్పలేదు పాపా. ఇంటికి వచ్చేస్తాననే అనుకొనింది."

మోహనప్రియ మోకాళ్లలో తల దాచుకుని ఏడ్చింది. దినకరన్ ఏడవలేదు. ఆమె వీపు మీద చేయి వేశాడు. ఆ వెక్కిళ్లు అతని మోచేతి దాకా పాకాయి. చేయి తీయాలనిపించలేదు. కొట్టంలో ఆవులు పాలవేళైందని అరిచేదాకా అట్లాగే కూర్చుని, "లేసి మొగం కడుక్కో పాపా," అని తానూ లేచాడు.