పచ్చ గీత

ఆదివారం ఉదయం ఆరుంపావుకు మునిరాజ్ షాపు ముందుకు వచ్చేసరికి మిగతా నలుగురూ వచ్చి ఉన్నారు. మామూలుగా మొదట వచ్చేది అతనే. నలుగురూ ఏదో మాట్లాడుకుంటున్నారు. అతను బండికి స్టాండు వేసేలోపు మాట ఆపారు.

తిరువళ్లూరులో ఆ బైక్ షాపుకు ముందు భాగంలో అమ్మకం, వెనక సర్వీసు. నెలకొక ఆదివారం పనివాళ్లు కలిసి బండ్ల మీద ఎక్కడికైనా పోయి వస్తారు. పోయిన నెల తామరైపాక్కం ఆనకట్టకు పోయారు. ఈసారి తిరుత్తణి మురుగన్ కొండకు. ఎక్కడికి పోవాలో ఎప్పుడూ మెకానిక్ విఘ్నేష్ చెప్పేవాడు. ఈసారి సర్వీసు మేనేజర్ రాజమాణిక్యం చెప్పాడు.

తిరుత్తణిలోనే సెల్లమ్మ ఉంటుంది. ఆ సంగతి మునిరాజ్ మనసులో పెట్టుకున్నాడు.

పదకొండు రోజుల కిందట సెల్లమ్మ స్కూటర్ ముందు బ్రేకు ఊడి చక్రానికి అడ్డం పడింది. ఆమె రోడ్డు మీద పడింది. ఎడమ మణికట్టు విరిగింది. అంతకు నాలుగు రోజుల ముందు ఆ స్కూటర్‌కు ఇదే షాపులో సర్వీసు చేశారు. జాబ్ కార్డులో మెకానిక్ పేరు మునిరాజ్ అని ఉంది.

షాపులో ఒక పద్ధతి ఉంది. బ్రేకు బోల్టు బిగించినవాడు బోల్టు తల మీదినుంచి పక్కనున్న ఇనుము మీదికి పెయింట్ పెన్నుతో ఒక గీత గీస్తాడు. బోల్టు కదిలితే గీత తెగి కనబడుతుంది. ఒక్కొక్క మెకానిక్‌ది ఒక్కొక్క రంగు. మునిరాజ్‌ది గ్రీన్, పాల్‌రాజ్‌ది ఎల్లో, విఘ్నేష్‌ది వైట్. షాపులో రంగులకు ఇంగ్లీషు పేర్లే వాడతారు. పెన్నులు మూడూ ఒకే డబ్బాలో ఉంటాయి.

ఆ రోజు ఆయిల్ మార్చింది మునిరాజ్‌కు గుర్తుంది. ఫిల్టర్ తుడిచాడు. అంతలో ఇంకో కస్టమర్ పిలిస్తే, ముందు చక్రం పని చూడమని పాల్‌రాజ్‌తో చెప్పి వెళ్లాడు. పాల్‌రాజ్ మాత్రం తనకెవరూ చెప్పలేదనీ, ఆ బండిని తాను ముట్టుకోలేదనీ అన్నాడు. సెల్లమ్మ ఫోన్ చేసినప్పుడు కౌంటర్‌లో ఉండే కలైవాణి ఆమె చెప్పింది ఫిర్యాదుల పుస్తకంలో తమిళంలో రాసుకుంది. ‘ముందు బ్రేకు బోల్టు, పచ్చై గీత’ అని ఉంది. పచ్చై అంటే గ్రీన్. విచారణ అంతటితో ముగిసింది.

బోల్టును షాపులో ఎవరూ చూడలేదు. ఇక తన బండిని ఆ షాపు గడప తొక్కనివ్వనని సెల్లమ్మ చెప్పింది.

సోమవారం ఓనర్ వస్తాడు. మునిరాజ్‌ను పనిలో ఉంచేదీ తీసేసేదీ చెప్తాడు. మునిరాజ్ ఆ షాపులో తొమ్మిదేళ్లుగా ఉన్నాడు. ముందు బ్రేకు ఊడిన బండి అతని పేరున ఉందని తెలిస్తే తిరువళ్లూరులో ఇంకో షాపువాడు తీసుకోడు. తన గ్రీన్ పెన్ను తీసి ఎవరో గీశారని అతని అనుమానం. ఎవరో అని పైకి అంటున్నాడు గానీ లోపల ఒక పేరే ఉంది.

“నువ్వు ముందు పో. ఈ పొద్దు వెనక నేనొస్తా” అన్నాడు పాల్‌రాజ్, హెల్మెట్ పెట్టుకుంటూ.

రైడ్‌లో చివరి బండి ఎప్పుడూ మునిరాజ్‌దే. ఎవరి బండి ఆగినా చూడడానికి.

“ఎందుకన్నా?”

“ఊరికే. నీకేమి కష్టం?”

రాజమాణిక్యం ముందు, విఘ్నేష్ బండి మీద వెనక కలైవాణి, తర్వాత మునిరాజ్, ఆఖరున పాల్‌రాజ్. పాండూరు దాటేవరకు మునిరాజ్ రోడ్డు కన్నా అద్దం ఎక్కువ చూశాడు. పాల్‌రాజ్ ఇరవై అడుగుల దూరంలో వస్తున్నాడు. వేగం తగ్గిస్తే తగ్గించాడు. పెంచితే పెంచాడు.

పాండూరు దాటాక నీళ్ల కోసం ఆగారు. మునిరాజ్ తన బండి ముందు మోకాళ్ల మీద కూర్చుని బ్రేకు బోల్టులు చూశాడు. రాత్రి బండి ఇంట్లోనే ఉంది. శనివారం సాయంత్రం దాకా మాత్రం షాపులో ఉంది. రెండు బోల్టుల మీదా గ్రీన్ గీత తెగకుండా ఉంది. అయినా వేలితో తోసి చూశాడు.

“ఏం మామా, బండికి మొక్కుతా ఉండావా? మురుగన్ ఇంకా ముందర ఉండాడు” అన్నాడు విఘ్నేష్.

కలైవాణి నవ్వింది. పాల్‌రాజ్ నవ్వలేదు. మునిరాజ్ రెండూ గమనించాడు.

కనకమ్మసత్రంలో టీ తాగడానికి ఆగినప్పుడు రాజమాణిక్యం సంచిలోంచి ఒక కవరు తీశాడు. మునిరాజ్‌ను పక్కకు పిలవలేదు. అందరి ముందే చెప్పాడు.

“తిరుత్తణిలో మొదట ఆ సెల్లమ్మ ఇంటికి పోతాం. నువ్వు మన్నించమని ఒక మాట చెప్పు. దీంట్లో ఒక సంతకం పెట్టు.”

కాగితం తమిళంలో టైపు చేసి ఉంది. ‘నా అజాగ్రత్త వల్ల’ అని మొదలైంది. కింద మునిరాజ్ పేరు, తేదీ. తేదీ శుక్రవారానిది. అంటే రెండు రోజులుగా ఈ కాగితం షాపులో ఉంది. తనకు తప్ప అందరికీ తెలుసు.

“దీనికేనా సార్ ఈసారి మీరే ఊరు చెప్పింది?”

“చెప్తే నువ్వు వస్తావా?”

“ఇది పెడితే రేపు ఓనర్ ఏం చేస్తాడు?”

“పెట్టకపోయినా చేస్తాడు. పెడితే నీ తరఫున మాట్లాడేదానికి నాకు ఒక దారి ఉంటాది.”

మునిరాజ్ కాగితం మడిచి తిరిగి ఇచ్చాడు. “ముందు ఆ బోల్టు చూస్తా సార్. చూసినాక పెడతా.”

“బోల్టులో ఏం చూస్తావప్పా?” అన్నాడు పాల్‌రాజ్. “పుస్తకంలో రాసుంది కదా.”

“పుస్తకంలో రాసింది కలైవాణి. గీసింది ఎవరో నేను చూడాల. నా చెయ్యి గీసిన గీత నాకు తెలీదా అన్నా?”

పాల్‌రాజ్ సగం టీ అక్కడే పెట్టి బండి దగ్గరికి వెళ్లాడు.

“సీక్రం పోదాం సార్, ఎండ వస్తాది” అన్నాడు విఘ్నేష్. ఎండ అప్పటికే వచ్చి ఉంది.

సెల్లమ్మది కొండ కింద మగ్గాల వీధి. ఆదివారమైనా రెండిళ్లలో పవర్‌లూమ్ ఆడుతోంది. ఆమెకు యాభై పైన ఉంటాయి. నేసిన చీరలు ఇళ్ల నుంచి ఎత్తి, స్కూటర్ మీద కట్టుకుని కొట్లకు ఇచ్చి వచ్చేది ఆమె పని. ఇప్పుడు ఎడమ చెయ్యి కట్టులో ఉంది. వాకిట్లోనే నిలబెట్టి అయిదుగురినీ లెక్కపెట్టింది.

“అయిదు మందా! బోల్టు సరిగా బిగించనోడు ఒక్కడే కదా. మిగిలినోళ్లు సాక్షికి వచ్చినారా, సాంబారుకు వచ్చినారా?”

“మన్నిప్పు అడిగేదానికి వచ్చినామమ్మా” అన్నాడు రాజమాణిక్యం.

“అడగండి.”

అందరూ మునిరాజ్ వైపు చూశారు. అతను ఒక అడుగు ముందుకు వేశాడు.

“నేను మునిరాజ్‌ని అమ్మా. కార్డులో నా పేరే ఉంది. ఆ బోల్టు ఒకసారి చూపిస్తారా?”

“ఎందుకు? ఎత్తుకోని పోయేదానికా?”

“చూసేదానికే. మీ చేతిలోనే పెట్టుకోండి.”

ఆమె లోపలికి వెళ్లింది. బీరువా తాళం తీసిన చప్పుడు వినబడింది. ప్లాస్టిక్ కవరు ఒకటి పట్టుకుని వచ్చి, పళ్లతో ముడి విప్పి, బోల్టు అరచేతిలో వేసుకుంది. బ్రేకుకు ఉండే రెండు బోల్టుల్లో ఒకటి రోడ్డు మీదే పోయింది. ఇది సగం ఊడి వేలాడుతుంటే పక్క వీధి మెకానిక్ తీసి ఇచ్చాడు.

“చూడు. ముట్టుకోవద్దు.”

మునిరాజ్ వంగి చూశాడు. తర్వాత కళ్లు తుడుచుకుని మళ్లీ చూశాడు.

“అమ్మా, ఇది ఎల్లో కదా.”

“ఎల్లో గిల్లో నాకు తెలీదు. పచ్చ.”

“పచ్చ అంటే గ్రీన్. ఆకు రంగు.”

“ఆకు రంగయితే ఆకుపచ్చ అంటానప్పా. నేను ఆకు అన్నానా? ఒట్టి పచ్చ అన్నా.” ఆమె కలైవాణి వైపు తిరిగింది. “ఫోన్‌లో మాట్లాడింది నువ్వేనా? పచ్చకామెర్లు వస్తే కండ్లు ఆకు రంగు తిరుగుతాయా పాపా?”

రాజమాణిక్యం ముందుకు వచ్చి బోల్టు చూశాడు. విఘ్నేష్ చూశాడు. కలైవాణి చూడలేదు. ఆమెకు అర్థమైంది.

“అక్క పచ్చ అని చెప్పింది సార్. నేను పచ్చై అని రాసినా.”

“మీ ఇంట్లో తెలుగే కదమ్మా మాట్లాడేది?”

“మాట్లాడేది తెలుగే సార్. రాసేది తమిళం. మా అవ్వ కూడా ఎల్లో చీరను పచ్చ చీర అనే అంటాది. రాసేటప్పుడు తట్టలేదు.” మునిరాజ్ వైపు తిరిగి, “మునిరాజన్నా, నేను కావాలని రాయలేదు” అంది.

మునిరాజ్ ఆమె ముఖం చూశాడు. నమ్మాడు. ఈ పదకొండు రోజుల్లో అతను ఒకరి మాట నమ్మడం అదే మొదలు.

అప్పుడు అందరూ పాల్‌రాజ్ కోసం చూశారు. అతను గేటు దగ్గరే ఉన్నాడు. బోల్టు చూడడానికి రాలేదు.

“పాల్‌రాజ్, ఎల్లో నీదే కదా?” అన్నాడు రాజమాణిక్యం.

“నాదే సార్.”

“ఆ బండి ముట్టుకోలేదన్నావే.”

“గుర్తు లేదు సార్. రోజుకు పది బండ్లు, పన్నెండు బండ్లు. పుస్తకంలో గ్రీన్ అని ఉంటే, సరి, నాది కాదనుకున్నా.”

“పుస్తకం చూడక ముందే ముట్టుకోలేదన్నావు” అన్నాడు మునిరాజ్.

“గుర్తు లేకనే అన్నా.”

“ఇందాక బోల్టు చూడొద్దన్నావే?”

“చూడొద్దు అనలేదు. ఏం చూస్తావు అన్నా.”

అది నిజమే. అతను అన్నది ఆ మాటే. 

రాజమాణిక్యం కవరు తీసి సంచిలో లోపలి అరలో పెట్టుకున్నాడు. “ఇది పనికి రాదు. వేరేది టైపు చెయ్యాల” అన్నాడు.

“పేరు ఒకటి మార్చితే చాలదా సార్?” అన్నాడు విఘ్నేష్. ఎవరూ నవ్వలేదు. అతను ఫోన్ చూసుకోవడం మొదలుపెట్టాడు.

“మునిరాజ్, రేపు నువ్వు ఎప్పటి మాదిరి పనికి రా. ఓనర్‌తో నేను మాట్లాడతా” అని, రాజమాణిక్యం సెల్లమ్మ వైపు తిరిగాడు. “ఆ బోల్టు ఇస్తే ఓనర్‌కు చూపిస్తా అమ్మా.”

“ఇయ్యను. రేపు మీరు ఇంకో రంగు పూసుకోని వస్తారు. ఫోటో తీసుకో.”

ఆమె అరచేయి చాపింది. రాజమాణిక్యం మూడు ఫోటోలు తీశాడు. ఆమె బోల్టును కవరులో వేసి, ముడి వేయమని కలైవాణికి ఇచ్చి, వేసేవరకు చూసి, వెనక్కి తీసుకుంది.

స్కూటర్ వాకిలి పక్కన రేకుల కింద ఉంది. ముందు బ్రేకు తాడుతో కట్టి ఉంది. రాజమాణిక్యం కొత్త బోల్టులు రెండు తెచ్చాడు.

“నా కళ్ల ముందరే వెయ్యండి” అంది సెల్లమ్మ. “ఆ పచ్చ ఎవరిదో వాడే వెయ్యాల.”

పాల్‌రాజ్ హెల్మెట్ గోడ మీద పెట్టి వచ్చి కూర్చున్నాడు. తాడు విప్పాడు. బ్రేకును దాని చోట పెట్టి, రెండు బోల్టులూ చేత్తో ఎక్కించి, స్పానర్‌తో బిగించాడు. నాలుగు నిమిషాలు పట్టింది.  లేచి పక్కకు జరిగాడు.

“ఇంకొకరు చూడండప్పా. ఒక్కడి మాట మీద నేను ఇంక బండి ఎక్కను” అంది ఆమె.

రాజమాణిక్యం మునిరాజ్‌కు సైగ చేశాడు.

మునిరాజ్ కూర్చుని మొదటి బోల్టుకు స్పానర్ పెట్టి లాగాడు. కదలలేదు. ఎంత బిగువు ఉండాలో అంతే ఉంది. చూసేవాడి పని అక్కడితో అయిపోతుంది. అతను స్పానర్ అటు తిప్పి, బోల్టును వదులు చేసి, పూర్తిగా ఊడదీశాడు. మరలు వెలుగులో పెట్టి చూశాడు. చొక్కా అంచుతో తుడిచాడు. మళ్లీ చేత్తో ఎక్కించాడు.

“ఏమయ్యా, అతను సరిగా వెయ్యలేదా?” అంది సెల్లమ్మ.

“సరిగానే వేసినాడమ్మా.”

“మరి ఎందుకు తీస్తావు?”

మునిరాజ్ స్పానర్ అందుకున్నాడు. బోల్టు బిగించాడు. పాల్‌రాజ్ అతని పక్కన గొంతుక్కూర్చున్నాడు. మిగతావాళ్లకు వినబడనంత మెల్లగా మాట్లాడాడు.

“నిజంగా గుర్తు లేదురా.”

“ఉండకపోవచ్చన్నా” అన్నాడు మునిరాజ్. స్పానర్‌ను రెండో బోల్టుకు పెట్టి, అదీ ఊడదీయడం మొదలుపెట్టాడు.