పడవ బండి

హుజూర్‌నగర్‌లో రాందాస్ వెల్డింగ్ షాపు ముందు ఆ బండి ఆర్నెల్లుగా ఎండకు ఎండుతోంది. రెండు చక్రాలు, పొడవాటి ఇనుప చట్రం, ముందు ట్రాక్టరుకు తగిలించే కొక్కెం. ఎవరో పడవ షికారు పెడతానని చేయించుకుని మళ్లీ మొహం చూపించలేదట. వలదారం కోసం బజారుకు వచ్చినప్పుడల్లా రాములు దాని దగ్గర కాసేపు ఆగేవాడు. ఈసారి బావ వీరయ్యను వెంటబెట్టుకొచ్చాడు.

"మన పడవ కొలతనే బావా. దేవుడు మనకోసమే చేయించిండు."

"దేవుడు చేయిస్తే ఊకెనే ఇయ్యమను," అన్నాడు వీరయ్య.

రాందాస్ చేతి మసి తుడుచుకుంటూ వచ్చాడు. "ఏడాదికి ఎన్నిమాట్ల కదుల్తది కాకా మీ పడవ?"

వీరయ్య మూడు వేళ్లు చూపించాడు.

"మూడు దినాలకు బండా? కడమ దినాలు దానిమీద కోళ్లు పండుకుంటయ్."

"నువ్వు అమ్మేటోనివా, కొనొద్దనేటోనివా?" అన్నాడు రాములు.

"ముందుగాలనే చెప్తున్న, ఎన్కసీరి తిట్టొద్దని. తీస్కపోయి ఒకపారి మోసి చూడుండ్రి. నచ్చితే కొనుండ్రి, లేకుంటే నా బండి నాకు తెచ్చియ్యుండ్రి."

వీరయ్యది గరిడేపల్లి పక్క ఊరు. ఊరికి మూడు చెరువులు. ఎండాకాలం నీళ్లు తగ్గగానే సంఘం వాళ్లు ఒకదాని తర్వాత ఒకటి చేపలు పడతారు. వల లాగే పడవ వీరయ్యది. సోమవారం పొద్దు పొడిచేసరికి అది పైచెరువు నీళ్లలో ఉండాలి. లేకపోతే కోదాడ నుంచి ఫైబర్ పడవల వాళ్లను పిలుస్తామని సంఘం పెద్ద చెప్పేశాడు. వాళ్లు ఒకసారి దిగితే ఈ ఏడాదికి వీరయ్య పడవ ఒడ్డునే పడుకోవాలి. ఏడాది ఒడ్డున పడుకున్న చెక్క పడవ మళ్లీ నీళ్లకు పనికిరాదు, పగుళ్లిస్తుంది.

చెరువు నుంచి చెరువుకు రెండు కిలోమీటర్లు. ఆ దూరం పడవను ఎప్పుడూ భుజాల మీదే మోశారు. తారు పూసిన అడుగు ఆకాశానికి పెట్టి, బోర్లించి ఎత్తుకునేవారు. అంచులు భుజాల మీద, తలలు పడవ లోపల. లోపల చీకటిగా, తారు వాసనగా ఉండేది. ముందున్నవాడి మడమలు తప్ప ఏమీ కనిపించేవి కావు. వీరయ్య పదహారో ఏట మొదటిసారి భుజం పెట్టాడు. ఆనాటి నుంచి, మోసే ఎనిమిది మందిలో మిగతా ఏడుగురినీ మడమలను బట్టి గుర్తుపట్టగలడు. పగిలిన మడమలు పెద్దబావవి, తెల్లగా ఉండేవి మంగలి నర్సయ్యవి. ఒకడు జోకేస్తే ఆ నవ్వు పడవలోనే చుట్టూ తిరిగి మళ్లీ చెవిలో పడేది. మొదటి వల ఒడ్డుకు రాగానే కట్టమీద నిలబడి భుజం పెట్టినవాళ్లందరినీ పేరుపేరునా పిలిచి తలా ఒక చేప ఇచ్చేవారు. దాన్ని భుజం చేప అనేవారు. ఆ చేపను అమ్ముకోకూడదు, ఆ పూటే వండుకోవాలి.

ఆ ఎనిమిది మందిలో ముగ్గురు మట్టిలో కలిశారు. ఒకడు సూర్యాపేటలో కొడుకు దగ్గర, ఇద్దరు మిర్యాలగూడ రైస్ మిల్లుల్లో. మిగిలింది తానూ రాములూ. పోయినేడు నలుగురితో ఎత్తబోతే రాములు నడుము పట్టేసి పది రోజులు మంచం దిగలేదు. అందుకే రాములుకు ఈ బండి మీద అంత మోజు.

ఆదివారం పొద్దున ఊళ్లో కుర్రాడు జగన్ తన ట్రాక్టరుకు ఆ బండిని తగిలించుకుని తెచ్చాడు. ముగ్గురూ కలిసి, ఒడ్డున బోర్లించి ఉన్న పడవ కింద దుంగలు పెట్టి, మెల్లగా దొర్లించి బండెక్కించారు. తాళ్లు బిగించారు. ట్రాక్టరు కదిలింది. రెండు కిలోమీటర్లు పావుగంటలో అయిపోయాయి. వీరయ్య వెనక నడుస్తానన్నాడు గానీ అందుకోలేకపోయాడు.

కట్ట దిగే చోట జగన్ ఇంజన్ ఆపేశాడు. "కింద బురదుంది మామా. దిగితే ఇగ ఎక్కది."

నీళ్లకు ఇంకా నలభై గజాలుంది. రాములు పడవ చుట్టూ ఒక చుట్టు తిరిగి నెత్తి పట్టుకున్నాడు.

"బావా, బోర్లానే తెచ్చినం కదా."

వీరయ్య చూశాడు. ఎప్పుడూ పడవ దారిలో బోర్లానే నడిచింది. బండి మీద వెల్లకిలా పెట్టాలని ఇద్దరిలో ఒక్కడికీ తోచలేదు. వెల్లకిలా ఉంటే తాడు కట్టి జారవిడిచేవాళ్లు. ఇప్పుడు దించి, నిలబెట్టి, తిరగేయాలి. ముగ్గురితో అయ్యే పని కాదు.

"నువ్వన్న చెప్పొద్దా?" అన్నాడు వీరయ్య.

"నాకు నడుములే గుర్తుకున్నయి, పడవ ఏడ గుర్తుకుంటది?"

చెరువులో పూడిక తీసే ఉపాధి పని నడుస్తోంది. ఎండ ముదిరిందని ఆడవాళ్లు తట్టలు బోర్లించుకుని కూర్చున్నారు. వాళ్లలో తండా సాలి గొంతెత్తింది.

"ఏందన్నా, పడవకు ఎండ దెబ్బ తగుల్తదని కప్పుకొచ్చినవా?"

"పడవ కాదే, తాబేలు. ఎన్క ఇద్దరు ముసలోళ్లు దానికి కావలి," అంది పెంటమ్మ.

వీరయ్య నవ్వలేదు, పిలవనూ లేదు. వాళ్లే లేచొచ్చారు. ఆడవాళ్లు పడవ ఎత్తడం అతను ఎన్నడూ చూడలేదు. ఎక్కడ పట్టుకోవాలో చెప్పడానికి నోరు తెరిచేలోపే పద్నాలుగు మంది అంచుల కింద చేతులు పెట్టారు. బండి మీద నుంచి దించారు, పక్కకు నిలబెట్టారు. "జర పైలం, రాములన్న నడుము ఇరుగుతది," అని ఎవరో అంటే అందరూ పకపకా నవ్వారు. పడవ వెల్లకిలా పడింది. బురదలో మోకాళ్లదాకా దిగి నీళ్లదాకా తోశారు. వీరయ్య కళ్ల ముందు గాజులు, పట్టీలు, బురద పట్టిన మడమలు. ఒక్కటీ అతనికి తెలిసింది కాదు.

సోమవారం మొదటి వల ఒడ్డుకొచ్చింది. వీరయ్య కట్టెక్కి పేర్లు పిలుద్దామనుకున్నాడు. సాలి, పెంటమ్మ తప్ప ఇంకెవరి పేరూ తెలియదు. కిందికి దిగి ఒక్కొక్కరినీ అడిగాడు. ఒకామె పేరు చెప్పడానికి సిగ్గుపడితే పెంటమ్మ చెప్పింది. మళ్లీ కట్టెక్కి పద్నాలుగు పేర్లూ ఒక్కటి తప్పకుండా పిలిచాడు.

మర్నాడు బండిని తిరిగి తీసుకెళ్తుంటే దారంతా రాములు అదే పాట.

"కొందాం బావా. ఈపారి వెల్లకిలా పెడదాం. ఎవల అవసరం పడది."

"అందుకే వద్దంటున్న."

రాందాస్ బండి చక్రాలు తన్ని చూశాడు. "తుంగతుర్తి ఆయన అడుగుతుండు కాకా. ఇస్తె ఇగ కిరాయికి గూడ దొరకది."

"ఇచ్చెయ్."

"కడమ రెండు చెరువులకు ఎట్ల మరి? వచ్చేయేడు ఎట్ల?" అన్నాడు రాములు, నడుము మీద చెయ్యి వేసుకుని.

"ఉపాధి పని ఏ వారం పెడతరో అడిగి చెప్పమన్న పెంటమ్మను," అన్నాడు వీరయ్య. "ఆ వారం ఎత్తుదం."