పండు గదికి బెల్లు

గోడ మీది ఏనుగు ఊడి రానంటోంది. తొండం వచ్చింది, ఒక చెవి వచ్చింది. మిగతా ఒళ్ళంతా పాత జిగురుతో గోడని కరుచుకుని కూర్చుంది. ఆమె వేడినీళ్ళలో గుడ్డ ముంచి, పిండి, ఏనుగు కడుపు మీద అదిమి పట్టుకుని నిలబడింది. మోచేతి మీంచి నీళ్ళు కారి జాకెట్టు చెయ్యి తడిసిపోయింది.

వారానికి ఒక్క రోజే సెలవు. మిగతా రోజులన్నీ ఆసుపత్రిలో ఎముకల వార్డులో నిలబడే కాళ్ళు ఇవాళ స్టూలెక్కాయి. "నీకెలాగూ ఇవాళ ఖాళీయే కదా, ఆ బొమ్మలేవో గీకి పడేయ్. రేపు రంగులవాడొస్తాడు" అని పొద్దున్నే చెప్పి, మొగుడు పేపరు పట్టుకుని హాల్లో కూలబడ్డాడు. ఆయనకీ ఇవాళ ఆఫీసు లేదు. కానీ ఆయనది సెలవు, ఆమెది ఖాళీ. ఈ తేడా ఎవరు కనిపెట్టారో గానీ మహానుభావుడు, వాడి వంటింట్లో వాడు ఒక్క గిన్నె కూడా తోమి ఉండడు. ఈ ఏనుగుల్ని అతికించిందీ ఆమే. కడుపుతో ఉండి, ఇదే స్టూలెక్కి అతికించింది. మొగుడప్పుడు సాయం చెయ్యలేదని అంటే పాపం తగులుతుంది. గుమ్మంలో నిలబడి "కొంచెం ఎడమకి... ఊహూఁ, మరీ ఎడమకి పోయింది" అని చెప్పాడు.

గది మార్చాలన్నది మాత్రం కొడుకు పండే. "నేనేమైనా చిన్నపిల్లాడినా? నా ఫ్రెండ్స్ వచ్చి ఈ ఏనుగుల్ని చూసి నవ్వుతున్నారు" అని వారం రోజులు మూతి ముడుచుకుని తిరిగాడు. వచ్చే ఏడాదికి పదమూడు నిండుతాయి. పై పెదవి మీద నూగు కనపడీ కనపడనట్టుంది. బూడిదరంగు గోడలు కావాలన్నాడు, గిర్రున తిరిగే కుర్చీ కావాలన్నాడు, తలుపు మీద 'తట్టి రావలెను' అని బోర్డు కావాలన్నాడు. "ఇంకో మాట. వాళ్ళ ముందు పండు అనకు" అన్నాడు. దానికి ఆమె నవ్వుకుంది. పిల్లాడికి చొక్కా బిగుతైనట్టే గదీ బిగుతవుతుంది, అందులో తప్పేముంది?

రంగులవాడు వచ్చి గోడలకి రంగేసి పోయాడు. వాడు వేసింది గోడలకే. నేల మీది చుక్కలు, కిటికీ అద్దాల మీది మరకలు, పాత మంచం విప్పి తీసిన మేకులు, అటక మీదికెక్కించాల్సిన బొమ్మల పెట్టెలు ఆమె వాటా. డ్యూటీకి పోయే ముందు కాసేపు, వచ్చాక కాసేపు. అత్తగారు సోఫాలో కూర్చుని "మగపిల్లాడి గది, కాస్త దర్జాగా ఉండాలమ్మా" అని పర్యవేక్షించింది. ఇల్లంతా రంగు వాసన, ఆమె ఒంటికి కిరసనాయిలు వాసన.

అంతవరకూ ఆమెకి పెద్దగా కోపం లేదు. అలవాటైన బరువు మీద కోపం రాదు, నడుం నొప్పే వస్తుంది. కోపం తర్వాత వచ్చింది. ఒక సాయంత్రం డ్యూటీ నుంచి ఇంటికొచ్చేసరికి నడవాలో నిచ్చెన, నిచ్చెన మీద ఎలక్ట్రీషియను. పండు గది గుమ్మం పైనుంచి తెల్లటి గొట్టం ఒకటి గోడ వెంబడి పాక్కుంటూ వచ్చి వంటింట్లోకి దూరి ఉంది.

"ఇదేంటండీ?"

"బెల్లు" అన్నాడు మొగుడు, కొత్త బండి కొనుక్కున్నవాడిలా. "వాడి టేబుల్ దగ్గర స్విచ్చు, వంటింట్లో బెల్లు. చదువుకునే పిల్లాడు నీళ్ళనీ పాలనీ మాటిమాటికీ లేచి తిరిగితే చదువేం సాగుతుంది? నొక్కుతాడు, నువ్వెళ్తావు. ఎలా ఉంది నా ఐడియా?"

"బ్రహ్మాండం సార్" అన్నాడు ఎలక్ట్రీషియను పైనుంచి. "అందరూ వీధి గుమ్మానికే పెట్టించుకుంటారు. ఇంట్లోంచి ఇంట్లోకి పెట్టడం నాకిదే ఫస్టు."

"ఆఫీసుల్లో ఉంటాయిగా."

"అవున్సార్, ఆఫీసుల్లో చాలా పెట్టాను. అక్కడైతే ప్యూనుంటాడు కదా మరి..." అనేసి, కింద ఆమె మొహం చూసి, నాలిక కరుచుకుని గబగబా గొట్టానికి మేకు కొట్టుకున్నాడు.

ప్యూను. ఆ మాట ఆమె గుండెల్లో మేకై దిగింది. మొగుడి ఆఫీసులో మేనేజరు బల్ల మీద ఒక బెల్లుంది. ఆ సంగతి ఆమెకి పెళ్ళయిన కొత్తలోనే తెలుసు. "ఆ టింగుమన్న చప్పుడు వినపడితే చాలు, చేతిలో టీ కప్పు పడేసి లేవాలి. నేనేమన్నా వాడి బంట్రోతునా?" అని ఎన్ని సాయంత్రాలు చెప్పుకుని కుమిలాడో! చొక్కా గుండీలు విప్పుతూ చెప్పేవాడు, అన్నం కలుపుతూ చెప్పేవాడు, ఆమె కాళ్ళు లాగుతున్నా పక్కన కూర్చుని వినేది. పాపం అనుకునేది. వేరే ఎవరికి చెప్పుకుంటాడు అనుకునేది. ఇన్నేళ్ళూ ఆయనకి ప్రమోషనూ రాలేదు, బల్ల మీదికి బెల్లూ రాలేదు. అక్కడ రానిది ఇక్కడ పెట్టించుకున్నాడు. అవమానం ఎలా ఉంటుందో బాగా ఎరిగిన మనిషి, ఇంకొకళ్ళకి అది జరగకూడదని అనుకోడేం? ఎరిగినందుకే కొలత తప్పకుండా తెచ్చి పెళ్ళాం నెత్తిన బిగిస్తాడేం? పాపం అనుకున్న సాయంత్రాలన్నీ వెనక్కి లాక్కోవాలనిపించింది.

"పరీక్ష చేద్దాం" అని మొగుడు గదిలోకెళ్ళాడు. ఆమె పొయ్యి దగ్గర గుడ్లు కొడుతోంది. నెత్తి మీద టింగుమంది. అంతే, చేతిలో గరిటెతో ఆమె పండు గది గుమ్మంలో ఉంది. ఎప్పుడు కదిలిందో తెలీదు. వార్డులో ఇన్నేళ్ళ అలవాటు, బెల్లంటే కాళ్ళు మనసుని అడగవు.

"చూశావా, ఎంత బాగా పనిచేస్తోందో!" అన్నాడు మొగుడు. బెల్లునన్నాడో ఆమెనన్నాడో! పండు పగలబడి నవ్వాడు. వెనకనుంచి అత్తగారు "బాగుందిరా, నా మంచం దగ్గరా ఒకటి పెట్టించు" అంది.

వార్డులో ప్రతి మంచానికీ ఒక బెల్లుంటుంది. తుంటి విరిగినవాళ్ళు, కాలికి బరువులు కట్టించుకుని పడుకున్నవాళ్ళు, ఒంటేలుకి కూడా లేవలేనివాళ్ళు నొక్కుతారు. నొక్కి, ఆమె వచ్చేలోపల సిగ్గుపడిపోతుంటారు. "మాటిమాటికీ పిలుస్తున్నాను సిస్టర్, ఏమీ అనుకోవద్దు" అంటాడు నిన్న మొన్నటిదాకా లారీ తోలిన మనిషి, కళ్ళు పక్కకి తిప్పుకుని. ఆ పిలుపుకి ఆమె ఏనాడూ విసుక్కోలేదు. లేవలేని మనిషి పిలిస్తే వెళ్ళడం ఆమె పని, ఆమె గర్వం కూడా. మరి ఇక్కడ నొక్కేవాడికి రెండు కాళ్ళూ శుభ్రంగా ఉన్నాయి. బంతిని తంతే పక్కింటి గోడ దాటి పడుతుంది.

మొదట్లో పండుకి మొహమాటంగానే ఉండేది. గ్లాసు పట్టుకుని తనే వంటింట్లోకి వచ్చేవాడు. "ఎందుకురా తిరుగుతావ్? నొక్కు. అందుకేగా పెట్టించింది!" అని వాళ్ళ నాన్నే వెనక్కి పంపేవాడు. పిల్లలకి మంచి అలవాట్లు చెప్పీ చెప్పీ నోరు పడిపోతుంది గానీ, ఇలాంటివి ఇట్టే వస్తాయి. కొద్ది రోజుల్లోనే లెక్క కుదిరిపోయింది. ఒకసారి మోగితే నీళ్ళు, రెండుసార్లు మోగితే పాలు, ఆపకుండా మోగితే ఏదో వస్తువు కనపడక వెతికి పెట్టాలి.

ఒకరోజు ఆమె స్నానానికెళ్ళింది. బెల్లు మోగుతూనే ఉంది. తడి జుట్టుకి తువ్వాలు చుట్టుకుని పరుగెత్తింది. పండు కుర్చీ ఇటు తిప్పలేదు. బూడిదరంగు గోడ వైపే చూస్తూ, వీపుతో అన్నాడు.

"ఎంతసేపు?"

గొంతు ఇంకా మారని గొంతే. కానీ ఆ 'ఎంతసేపు' వాళ్ళ నాన్నది. చివర్లో చిన్న దీర్ఘం, దాంట్లో విసుగు, ఆ విసుగులో హక్కు. ఆమె గ్లాసు బల్ల మీద పెట్టి వంటింట్లోకొచ్చింది. సింకు పట్టుకుని నిలబడింది. ఇదా నేను చేస్తున్నది? గోళ్ళు అరిగేలా జిగురు గీకి, మరకలు తుడిచి, నేను తయారుచేస్తున్నది పిల్లాడి గది కాదు. ఇంకో మొగుణ్ణి. ఇంకో పదేళ్ళకో పదిహేనేళ్ళకో ఈ గదిలోంచి వాడు బయటికొస్తాడు. ఇప్పుడెక్కడో జడలేసుకుని బడికి పోతున్న ఏ పిల్ల నెత్తి మీదనో ఈ బెల్లు మోగుతుంది. ఆ పిల్ల తడి జుట్టుతో పరుగెత్తుతుంది. వాడు కుర్చీ తిప్పడు. అప్పుడు ఆ పిల్ల ఎవర్ని తిట్టుకుంటుంది? మొగుణ్ణి తిట్టుకుంటుందో లేదో గానీ, "వీణ్ణి ఎవరు కన్నారో" అని మాత్రం అనుకుంటుంది. అనుకోవాలి కూడా. నేను అనుకోలేదూ!

మర్నాడు డ్యూటీ నుంచి వచ్చేసరికి గదిలో పండు ఫ్రెండ్స్, ముగ్గురు. కొత్త గది చూపించడానికి పిలుచుకొచ్చాడు. లోపల నవ్వులు, తర్వాత గుసగుసలు, "చూడండి, ఇప్పుడు చూడండి" అన్న పండు గొంతు. బెల్లు మోగింది.

ఆమె చీర కూడా మార్చుకోలేదు. అటక మీంచి, అత్తగారు తుంటి విరిగి పడుకున్నప్పుడు వాడిన బెడ్ పాన్ దించింది. తుడిచింది. బేసినులో నీళ్ళు, భుజాన తువ్వాలు, చేతిలో థర్మామీటరు పెట్టుకుని తలుపు తట్టి, బోర్డుకి మర్యాదిచ్చి, లోపలికెళ్ళింది.

"ఏమైంది బాబూ? లేవలేకపోతున్నావా?" వార్డు గొంతుతోనే అడిగింది. మణికట్టు పట్టుకుని నాడి చూసింది. వంగి కాలి బొటనవేలు గిల్లింది. "స్పర్శ తెలుస్తోందా? ఎప్పటినుంచి ఇలా? మోషనైందా పొద్దున్న? సిగ్గుపడకూడదు, ఇదిగో ఇందులో కూర్చో."

బెడ్ పాన్ చూసి ఒక కుర్రాడు దిండులో మొహం దాచుకుని కిసకిస నవ్వాడు. పండు మొహం ఎర్రగా కందిపోయింది.

"అమ్మా! ఏంటిది! నీళ్ళు... నీళ్ళ కోసం కొట్టా, అంతే!"

"నీళ్ళకా! అయ్యో, నేనింకా కాళ్ళు పడిపోయాయేమోనని పరుగెత్తుకొచ్చాను. బెల్లు లేవలేనివాళ్ళకి బాబూ. కాళ్ళున్నవాళ్ళకి నీళ్ళు వంటింట్లో ఉంటాయి."

"ఆంటీ, మేం తెచ్చుకుంటాలెండి" అని ఇంకో కుర్రాడు లేచి నిలబడ్డాడు, తన కాళ్ళు బాగానే ఉన్నాయని చూపించడానికన్నట్టు.

మొగుడు ఇంటికొచ్చి బూట్లు విప్పకముందే అత్తగారు మొత్తం చెప్పేసింది, తనవి రెండు ముక్కలు కలిపి. ఆయన వంటింటి గుమ్మంలోకొచ్చాడు.

"పిల్లాడి పరువు తీశావటగా? వయసొస్తున్న కుర్రాడు, ఫ్రెండ్స్ ముందు! తల్లివేనా నువ్వు?"

"తల్లిననే గుర్తుచేశానండీ. ప్యూననుకుంటున్నాడు."

"నర్సు ఉద్యోగం చేస్తున్నావు కదా, బయటవాళ్ళందరికీ చెయ్యగా లేనిది కన్నకొడుక్కి గ్లాసుడు నీళ్ళివ్వడానికి నామోషీయా?"

"బయటవాళ్ళు థాంక్సు చెప్తారు. నెలయ్యేసరికి జీతమిస్తారు. అన్నిటికన్నా ముందు, వాళ్ళు లేవలేరు. మీ మేనేజరు బెల్లు కొడితే మీకేమనిపించేదో నాకు చెప్పింది మీరే కదండీ. నేను మర్చిపోలేదు. మీరెలా మర్చిపోయారు?"

ఆయన మొహం ఒక్క క్షణం బోసిపోయింది. ఆ ఒక్క క్షణమే. "అదీ ఇదీ ఒకటేనా! నోరు బాగా లేస్తోందీమధ్య. నొక్కితే రావాలి, అంతే. ఎలా రావో నేనూ చూస్తాను" అని విసవిసా పండు గదిలోకెళ్ళాడు.

ఆమె కంచం తీసుకుంది. అన్నం పెట్టుకుంది, కూర వేసుకుంది. వెళ్ళి టేబుల్ దగ్గర కూర్చుంది. మొదటి ముద్ద నోట్లో ఉండగా బెల్లు మోగింది.

కాళ్ళు కదిలాయి. టేబుల్ కింద మడమలు వాటంతటవే పైకి లేచాయి. ఆమె వాటిని నేలకేసి అదిమిపట్టింది. ఏనుగు మీద తడిగుడ్డ అదిమినంత గట్టిగా.

"బెల్లు మోగుతోందమ్మాయ్" అంది అత్తగారు.

"వినపడుతోంది అత్తయ్యా. మీ అబ్బాయి కాళ్ళకేమైనా అయిందా?"

"ఛీ ఛీ, అవేం మాటలు!"

"అయితే ఆయనే వస్తార్లెండి."

బెల్లు ఆగి ఆగి మోగింది, ఆగకుండా మోగింది. పక్కింట్లో ఎవరో కిటికీ తెరిచారు. కాసేపటికి పండు వచ్చి టేబుల్ పక్కన నిలబడ్డాడు. కళ్ళు వాచి ఉన్నాయి.

"నేను కాదమ్మా నొక్కేది."

"తెలుసు."

"నాన్న నా కుర్చీలో కూర్చుని నొక్కుతున్నారు. వద్దన్నా వినట్లేదు." గొంతు తగ్గించాడు. "నువ్వొక్కసారి వచ్చి వెళ్ళిపో. ఆగిపోతుంది కదా."

ఒక్కసారి వెళ్తే ఆగిపోతుంది. ఆమె తల్లీ ఇదే చెప్పింది, అత్తగారూ ఇదే చెప్పింది, ఇప్పుడు మూతి మీద మీసం రాని వీడికి కూడా ఈ ఉపాయం తెలిసిపోయింది. ఇన్నేళ్ళూ ఒక్కొక్కసారి వెళ్తూ, ఆపుతూనే ఉంది. ఆమె నోట్లో ముద్ద మింగి, కొడుకు మొహంలోకి చూసింది. జాలి కలగకపోలేదు. దాన్నీ మింగింది.

"అది నీ గదిరా. ఆపమంటావో, ఆయన పక్కన నిలబడి నేర్చుకుంటావో, నువ్వే తేల్చుకో."

వాడు కళ్ళు తుడుచుకున్నాడు. తర్వాత నడవాలోకి వెళ్ళిపోయాడు. లోపల మొగుడి గొంతు ఏదో గద్దించింది. కుర్చీ చక్రాలు నేల మీద జర్రున జారాయి. బెల్లు మోగింది, మళ్ళీ మోగింది, మూడోసారి మధ్యలోనే తెగిపోయింది. ఇల్లు నిశ్శబ్దమైంది.

ఆమె ఇంకాస్త కూర వేసుకుంది. ఎలా ఆగిందో చూడడానికి లేవలేదు.