మూడో తాళంచెవి

ఆ తాళంచెవిని చూడగానే ఆమె గుర్తుపట్టింది. దాని తల మీద మూడు సన్నటి గీతలు. ఎనిమిది నెలల క్రితం, కాబోయే భర్త అద్దెకు దిగిన ఇంటికి తాళం అమర్చినప్పుడు, ఆకురాయితో వాటిని గీసింది తనే.

ఇప్పుడు దాన్ని కౌంటరు మీద పెట్టింది ముక్కూమొహం తెలియని ఒకావిడ. ముప్ఫై దాటి ఉండవు. ఇలాంటిదే ఇంకోటి కావాలంది, కాస్త త్వరగా.

పెళ్ళికి ఇంకా నాలుగే రోజులున్నాయి.

ఎవరిదని అడగబోయి నాలుక కరుచుకుంది. వచ్చినవాళ్ళ ఇంటి గుట్టు అడగకూడదు, నకలు ఉంచుకోకూడదు. తాళాల దుకాణంలో నాన్న పెట్టిన నియమాలు ఆ రెండే. వెనక బల్ల దగ్గర నాన్న ఆమె పరధ్యానం చూసి, పెళ్ళికి పది వేళ్ళతోనే పంపాలనుందని హాస్యమాడాడు. తాళంచెవులు కోసే మోటారు రొదలో ఆమె ఒకటి కోసింది. ఆవిడ వీధి వైపు తిరిగి ఫోను చూసుకుంటుంటే ఇంకోటి కోసి జేబులో వేసుకుంది.

కాబోయే భర్త లిఫ్టు మెకానిక్. ఆవిడ వెళ్ళాక ఫోను చేస్తే, పనిలో ఉన్నానన్నాడు. ఇంటికి ఎవరైనా వచ్చారా అని మాటవరసకు అడిగింది.

"ఎవరొస్తారు? ఎవరూ లేరు."

ఆ జవాబు ఆమె నమ్మలేదు. మధ్యాహ్నం స్కూటరు అతని వీధి చివర ఆపి, మెట్లెక్కి, జేబులోని తాళంచెవితో తలుపు తీసింది. గుప్పున మందుల వాసన. మంచం మీద ఎముకల గూడులాంటి ముసలాయన.

"రాత్రి నర్సువా అమ్మా? అప్పుడే వచ్చేశావే. పగటావిడ నీకని తాళంచెవి చేయించానంది, ఇప్పుడు మందులకెళ్ళింది."

ఆ ముక్కూ, ఆ చెవులూ అచ్చు గుద్దినట్టు అతనివే.

వెనక అడుగుల చప్పుడు. గ్రీజు చేతులతో అతను. ఆమె ఫోను అతన్నీ పనిలో నిలవనివ్వలేదు.

"మీ నాన్న లేరన్నావు," అందామె.

"లేరనే అన్నాను. పోయారనలేదు."

సంబంధం మాట్లాడిన రోజు ఆ ఒక్క ముక్క విని ఆమె తండ్రి, ఆయన పోయారనుకుని, జాలిపడి ఊరుకున్నాడు. ఇతనూ దిద్దలేదు. చిన్నప్పుడే ఇల్లొదిలి పోయిన మనిషి పది రోజుల కిందట పక్షవాతంతో తిరిగొచ్చాడట. చెబితే సంబంధం తప్పిపోతుందని భయమట.

"ఇలా లేనివాళ్ళు మీ ఇంట్లో ఇంకెంతమంది ఉన్నారు?"

"ఎవరూ లే..." అంటూ ఆగిపోయాడు. అతని చూపు ఆమె చేతిలోని తాళంచెవి మీద పడింది. "అది నేనిచ్చింది కాదు."

"కాదు."

"నన్ను అడగాల్సింది."

"పొద్దున అడిగాను."

"అయినా దొంగతాళంతో దూరావు," అన్నాడతను. ఆమె దాన్ని జేబులో వేసుకుంది.

దుకాణం కట్టేసేలోగా ఆయన సంగతి మా నాన్నకు నువ్వే చెప్పాలి, నకలు సంగతి నేను చెప్తాను, ఆ తర్వాత పెళ్ళి ఉంటే ఉంటుంది అందామె. నర్సు రాగానే బయల్దేరారు. స్కూటరు మీద ఇద్దరి మధ్యా ఇంకో మనిషి పట్టేంత జాగా. దారి పొడవునా ఎవరు ముందు చెప్పాలన్న వాదనే.

వీళ్ళ మొహాలు చూసి నాన్న మోటారు కట్టేశాడు. అతను కూర్చోకుండానే అనేశాడు.

"మావయ్యగారూ, మా నాన్న ఉన్నారు."

నాన్న మెల్లగా కూతురి వైపు తిరిగాడు.

"నీకెలా తెలిసింది?"

ఆమె జేబులోంచి నకలు తీసి కౌంటరు మీద పెట్టింది.