ఉమ్మడి గుండిగలో ఉప్పు

ఆ చిన్న పట్టణపు రైతుల సంతలో ఒక చక్కని కట్టుబాటు ఉండేది. తెల్లవారుజామున కోసుకొచ్చిన సరుకులో మేలైన భాగం ప్రతి దుకాణం నుంచీ ఉమ్మడి గుండిగలోకి చేరవలసిందే. మధ్యాహ్నం అమ్మినవారూ కొన్నవారూ ఒకే బల్ల చుట్టూ కూర్చుని ఆ కూర తినేవారు. ఆ రుచి కోసమే పొరుగూళ్ల నుంచి జనం వచ్చేవారంటే అతిశయోక్తి కాదు.

గుండిగ మీద పెత్తనం ఏళ్ల తరబడి వంకాయల పెద్దమ్మది. అటువంటి మనిషి జారిపడి కుడి మణికట్టు విరగ్గొట్టుకోగా, గరిటె ఆమె కోడలి చేతికి వచ్చింది. ఈ పూట కూర చెడితే గరిటె మరో ఇంటికి పోతుంది. ఆ బెంగతోనే పెద్దమ్మ పొయ్యి పక్కన కుర్చీ వేయించుకున్నది.

"జోక్యం చేసుకోనని ఒట్టేశారు, అత్తయ్యా!"

"నేనేమన్నానే తల్లీ? ఊపిరైనా పీల్చుకోనిస్తావా?"

కోడలి పనితనానికి పెద్దమ్మకు లోలోపల మురిసిపోక తప్పలేదు. గట్టి గుమ్మడి ముందు, లేత చిక్కుళ్లు తరువాత, పండిన టమాటాలు చివర. మంట ఎక్కడా మితిమీరలేదు. కానీ ఉప్పు? కోడలు ఆకుకూర కోసం అటు వెళ్లగానే పెద్దమ్మ ఎడమచేయి ఊరుకోలేదు. పిడికెడు ఉప్పు గుండిగలో పడింది.

రుచి చూసే గౌరవం చిక్కుళ్ల బాబాయిది. ఆయన నోట్లో పెట్టుకుని కళ్లు తేలేశాడు.

"ఎలా ఉంది, బాబాయ్?"

"బ్రహ్మాండం... కాసిని మంచినీళ్లిస్తావా అమ్మా?"

కోడలు తానూ రుచి చూసి పాలిపోయింది. "నేను సరిపడానే వేశానే!"

పెద్దమ్మ నోరు మూసుకుంటే తన పేరు నిలుస్తుంది, పిల్ల పేరు పోతుంది. ఎడమచేయి పైకెత్తింది. "నేనూ ఒక పిడికెడు వేశాను."

బాబాయి గొంతు సవరించుకున్నాడు. "కొత్తపిల్ల, మరిచిపోతుందేమోనని... నేనూ వేశాను."

"అయ్యో, నేనూను!" అన్నది టమాటాల అక్క.

కోడలు నడుముకు కొంగు బిగించింది. "ఇంత ప్రేమ గుండిగకు పట్టదు. ఉప్పు వేసిన చేతులన్నీ కత్తులు పట్టండి. మిగిలిన కూరగాయలన్నీ తెండి."

గుమ్మళ్లు తెగాయి, చిక్కుళ్లు ఒలిచారు, రెండో గుండిగ పొయ్యెక్కింది. చప్పటి కూరా ఉప్పటి కూరా కలిశాక ఆ కమ్మదనం చెప్పనలవి కానిది. దారిన పోయేవారిని సైతం పిలిచి వడ్డించారు. గరిటె ఎవరిదన్న మాట మరెవరూ ఎత్తలేదు.

పెద్దమ్మ మారు వడ్డించుకోవడానికి పళ్లెం చాచింది. కోడలు నిండుగా వడ్డించి, ఉప్పుడబ్బా తెచ్చి ఆమె ఒళ్లో పెట్టింది.

"వచ్చేవారం ఇది మీ దగ్గరే ఉండాలి. ఎవరికీ ఇవ్వకండి, అత్తయ్యా. ముఖ్యంగా మీ ఎడమచేతికి!"